లేవుకాకి ఐదు రోజుల దారి

ఓత్రాంతో ఊరి నుంచి తీరం కొసన ఉన్న లేవుకాకి సముద్రం ఒడ్డునే పోతే యాభై కిలోమీటర్లు. కారున్నవాడికి గంటన్నర పని. ఆ గంటన్నర దారిని ఐదు రోజులకు సాగదీసి జనం చేత నడిపించడం వితీనా బతుకుతెరువు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆమె చేత్తో దారి గీసిచ్చే గళ్ళ కాగితం కోసం జర్మనీ నుంచి, హాలండ్ నుంచి మనుషులు ఆర్నెల్ల ముందే ఉత్తరాలు రాస్తారు.

వితీనాకి అరవై రెండేళ్ళు. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఓత్రాంతోలో బస్సు టికెట్ల కిటికీ వెనక కూర్చుంది. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని చోట ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషికి ఓపిక అడక్కుండానే వస్తుంది. ఆ కిటికీ దగ్గరికొచ్చి చేతులు తిప్పుతూ దారి అడిగే పరదేశీ యాత్రికులకు కాగితాల మీద రాసివ్వడం మొదలుపెట్టింది. ఉద్యోగం అయిపోయాక ఆ కాగితాలే ఉద్యోగమయ్యాయి.

ఆమె పద్ధతులు ఆమెవి. రోజుకి పది కిలోమీటర్లకు మించి నడవకూడదు. మధ్యాహ్నం భోజనం హోటల్లో కాదు, ఎవరో ఒకరి ఇంట్లో చెయ్యాలి. తిన్నాక నాలుగింటి దాకా పడుకోవాలి. దక్షిణం నుంచి సిరోక్కో గాలి తిరిగిందా, ఆ రోజు నడక రద్దు. ఆ గాలికి తల పగిలిపోతుంది, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటారు. ఒకసారి ఓ డచ్చాయన, "రెండు రోజులు కలిపి ఒక్క రోజులో నడిచేస్తాను, అంత బలమైన కాళ్ళున్నాయి నాకు," అన్నాడు. "అయితే పరిగెత్తు నాయనా, కాగితం ఇలా ఇచ్చెయ్," అని చెయ్యి చాచింది వితీనా. ఆయన ఐదు రోజులూ నడిచాడు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏ ప్రయాణానికైనా ముందు లేవుకాలో చివరి రాత్రి పడక ఖాయం చేసుకుంటుంది. ఆ తర్వాతే వెనక్కి వస్తూ త్రికాజే రేవు, కాస్త్రో, సాంతా చెజారేయా, బదీస్కో మజిలీలు. చివర ఎక్కడ తల వాల్చాలో తెలిస్తే నడిచేవాడు మధ్యలో బెంగపడడని ఆమె నమ్మకం.

ఇంతమందిని లేవుకాకి పంపిన మనిషి తాను ఒక్కసారి కూడా లేవుకా వెళ్ళలేదు. ఆమె భర్త ఇప్పాత్సియో కూడా వెళ్ళలేదు, ఆయన మాట ఇంకా విడ్డూరం. ఆయనది రాళ్ళ గోడలు కట్టే పని. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి ఒదిగేలా పేర్చి, పొలాలకీ ఆలివ్ తోటలకీ గోడలు కట్టేవాడు. ఆ పని మీద లేవుకాకి రెండు కిలోమీటర్ల దాకా వెళ్ళి, సాయంత్రం వెనక్కి తిరిగొచ్చిన రోజులున్నాయి. "మరో అరగంట నడిస్తే మరియమాత గుడి కదయ్యా," అంటే, "భూమి చివర ఉంది అది, దాటి ఎక్కడికి పోతుంది? నువ్వూ నేనూ కలిసే వెళ్దాం," అనేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు దగ్గరి గుడికి ఎప్పుడూ రేపే.

ఆ రేపు ఎంత ప్రమాదమో ఆ తీరంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. బతికుండగా లేవుకా మరియమాత గుడి మెట్లు ఎక్కనివాడు చచ్చాకైనా ఎక్కి తీరాలి. చచ్చినవాడికి కాళ్ళుండవు గనక ఏడాదికొకసారి తన శవపేటిక పొడుగంత మాత్రమే ముందుకు జరుగుతాడు. చేరేదాకా స్వర్గం తలుపు తెరుచుకోదు. ఈ మాట అమ్మమ్మలు పిల్లలకు చెప్తారు, పిల్లలు నవ్వుతారు, అరవై దాటాక నవ్వడం మానేస్తారు. ఇప్పాత్సియో నవ్వుతూనే ఉండేవాడు.

జనవరిలో ఆయన పోయాడు. దగ్గు అన్నాడు, పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, పదకొండో రోజు లేడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని ఎప్పుడో తినేసిందని, ఆలస్యంగా తెచ్చారని డాక్టరు చెప్పాడు. వితీనా తలూపింది.

ఆమెకు ఏడుపు రాలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు గనక ఇరుగుపొరుగు వారం పాటు గిన్నెలతో భోజనాలు తెచ్చారు. చిక్కుళ్ళ ముద్ద, చేదాకు కూర, చేపల పులుసు ఏది పెడితే అది తింది. ఏ గిన్నె ఎవరిదో చూసి, తోమి, తుడిచి తిరిగిచ్చింది. "రాయిలా ఉంది," అన్నారు కొందరు. "ఇంకా తెలియడం లేదు పాపం," అన్నారు ఇంకొందరు. ఇద్దరి మాటా ఆమె చెవిన పడింది, లోపలికి పోలేదు. ఏదో అనిపించాలని ఆమెకూ ఉండేది. అలమారు తెరిచి ఆయన చొక్కాల ముందు నిలబడి చూసింది. చొక్కాలు చొక్కాల్లాగే కనిపించాయి. తలుపు మూసేసి దుకాణానికి వెళ్ళింది.

ఆ ఇంట్లో ఏడ్చే పని అంతా అత్త అబ్బొందాంత్సాదే. ఆమెకు ఎనభై ఏడేళ్ళు. పేరుకి అర్థం సమృద్ధి. మనిషేమో ఎండిన అంజూరపండు. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఒంటిపూట తిండి పెట్టుకుంది. ఆ ఒక్క పూటా ఫ్రీసా అనే గట్టి బార్లీ రొట్టెను నీళ్ళలో నానబెట్టుకొని సగం తినేది. మే నెల వచ్చేసరికి ముసలామె గోడ పట్టుకోకుండా లేవలేకపోయింది. డాక్టరు వచ్చి, ఇలాగే ఉంటే వేసవి దాటదని వితీనాకి చెవిలో చెప్పి వెళ్ళాడు.

"ఎందుకు తినరు అత్తయ్యా?" అని అడిగింది వితీనా.

"నా కొడుకు దారిలో ఉన్నాడే. ఆడు దారిలో ఉంటే నేను కూర్చుని మింగనా?"

"ఏ దారిలో?"

"లేవుకా దారిలో. నీకు తెలీదా? ఊరందరికీ దారి రాసిస్తావు." ముసలామె కళ్ళు తుడుచుకుంది. "పెట్టె ఎంత పొడుగుందే?"

"రెండు మీటర్లుంటుంది."

"ఏడాదికి రెండు మీటర్లంటే ఎన్నేళ్ళకి చేరతాడు? నీకు లెక్కలొచ్చుగా."

వితీనా కాగితం వెనక వేసి చూసింది. "ఇరవై ఐదు వేల ఏళ్ళు."

"నేనంత కాలం ఉండను," అంది అబ్బొందాంత్సా, చాలా మామూలుగా.

నవ్వు రావలసిన చోట వితీనాకి నవ్వూ రాలేదు, దిగులు పడవలసిన చోట దిగులూ రాలేదు. ఈ మనిషి తినాలి, అంతే. చావు మీద ఇంకో చావు వస్తే మళ్ళీ గిన్నెలు, మళ్ళీ తోమడం. తనలో ఇంత చల్లటి ఆలోచన ఉందని తెలిసి కూడా ఆమెకు సిగ్గనిపించలేదు.

దీనికి ఉపాయం కూడా ముసలామే చెప్పింది. చచ్చినవాడి పేరు మీద బతికున్న సొంతవాళ్ళు నడిస్తే వాడి దారి తీరిపోతుంది. "కన్నదాన్ని నేనుండాలి. కట్టుకున్నదానివి నువ్వు నడవాలి. జూన్‌లో, ఎండలు ముదరకముందే. ఆడు చేరిన రోజు రెండు పూటలా తింటాను. మాట."

"మీరెలా వస్తారు? వాకిలి దాకా రాలేరు."

"త్రిఫోనే ఉన్నాడుగా."

త్రిఫోనే ముసలామె చిన్నకొడుకు. మూడు చక్రాల చిన్న లారీ బండిలో కూరగాయలు అమ్ముతాడు. సాయంత్రం వచ్చి సంగతంతా విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "వదిన నడుస్తుంటే పక్కన నడక వేగంతో బండి తోలాలా? ఐదు రోజులా? ఇంజన్ ఉడికిపోద్దమ్మా. దానికన్నా గాడిద నయం."

"గాడిద లేదుగా," అంది తల్లి. "నువ్వున్నావు."

త్రిఫోనే వదిన ముఖం చూశాడు, నవ్వుతుందేమోనని. ఆమె గళ్ళ కాగితం మీద గీతలు గీస్తోంది. అతను టోపీ పెట్టుకుంటూ, "సరే, వెనక తొట్టిలో కుర్చీ కట్టిస్తాను. గొడుగు కూడా కడతాను. రాత్రిళ్ళు నేను తొట్టిలోనే పడుకుంటాను. దారిలో వంకాయలు అమ్ముకోవచ్చా?" అన్నాడు.

"నీ అన్న స్వర్గానికి పోతుంటే నువ్వు వంకాయలమ్ముతావురా?"

"ఆడూ వంకాయలు తిన్నోడే కదమ్మా," అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

మర్నాడు పొద్దున కాఫీ తాగి, గిన్నె కడిగి, వితీనా ఫోను దగ్గర కూర్చుంది. పరాయివాళ్ళకు చేసినట్టే చేసింది. అలవాటు ప్రకారం ముందు లేవుకా. అక్కడ ఫెర్నాందా అనే ఆమె ఇంట్లో రెండు గదులు యాత్రికులకిస్తుంది. ఎనిమిదేళ్ళ పరిచయం, ముఖం ఎప్పుడూ చూడలేదు. వితీనాకి ఫెర్నాందా అంటే ఒక గొంతు, ఆ గొంతు వెనక ఎప్పుడూ అరిచే ఒక కుక్క.

"జూన్ రెండో వారంలో రెండు మంచాలు కావాలి," అంది వితీనా.

"ఈసారి ఎవరు? ఆ మాంసం తినని జర్మనీ వాళ్ళేనా? పోయినసారి నా తోటంతా మేసిపోయారు."

"కాదు. మా ఇంటివాళ్ళమే. నేనూ వస్తున్నాను."

అవతల ఫెర్నాందా పెద్దగా నవ్వింది. "అయితే తీసుకొస్తున్నాడన్నమాట! మాట నిలబెట్టుకున్నాడు మీ ఆయన. అమ్మయ్య, ఇక నా నోటికి తాళం అక్కర్లేదు. ఏడెనిమిది నెలలు దాచాను తెలుసా, ఇంత కాలం నేను దేన్నీ దాచలేదు."

వితీనా పెన్ను కింద పెట్టింది. "ఏం దాచావు?"

"అక్టోబర్లో వచ్చాడుగా మా ఇంటికి. నడుచుకుంటూ, అక్కణ్ణుంచి ఇక్కడిదాకా. నీ గళ్ళ కాగితం జేబులో మడిచి పెట్టుకొని వచ్చాడు. నువ్వు ఆగమన్న చోటల్లా ఆగాడట. పడుకోమన్న చోట చెట్టు కింద పడుకున్నాడట. నీ కాగితంలో ఉన్న ఇళ్ళకి ఎందుకు పోలేదయ్యా అంటే, 'వాళ్ళందరూ ఆవిడ చుట్టాలు, నేను గుమ్మం దాటకముందే ఫోను చేస్తారు, ఇక్కడైతే నన్నెవరూ ఎరగరు' అన్నాడు. బాగా నవ్వించాడు. 'వేసవి రాగానే ఆవిణ్ణి తీసుకొస్తాను, అప్పటిదాకా చెప్పకు,' అని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు."

"గుడికి వెళ్ళాడా?"

"వెళ్ళకపోతే ఎందుకొచ్చినట్టు? రేవు నుంచి మెట్ల మీదుగానే ఎక్కాడు. నేనూ కూడా వెళ్ళాను, మనిషి మరీ ఆయాసపడుతున్నాడని. పది మెట్లకోసారి కూర్చున్నాడు. డాక్టరుకి చూపించుకోవయ్యా అన్నాను."

"ఏమన్నాడు?"

"'చూపించుకున్నాను' అన్నాడు. అంతే. ఇంకేం చెప్పలేదు. ఇప్పుడెలా ఉన్నాడు?"

వితీనా కిటికీలోంచి చూసింది. ఎదురింటామె దుప్పట్లు ఆరేస్తోంది. "జనవరిలో పోయాడు, ఫెర్నాందా."

కుక్క అరుస్తూనే ఉంది. చావు కాగితాలు పోయినవాడి ఊరి గోడలకే అంటిస్తారు, యాభై కిలోమీటర్ల అవతలికి ఎవరూ వెళ్ళి అంటించరు. ఫెర్నాందాకి తెలిసే దారి లేదు. "అయ్యో తల్లీ, నేను నవ్వాను," అంది.

"నీకు తెలీదుగా. మంచాలు రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

ఫోను పెట్టేశాక వితీనా అక్కడే కూర్చుంది. అక్టోబరు గుర్తుంది. ఆంద్రానోలో గోడ పని ఉంది, ఆరు రోజులు అక్కడే పడుకుంటానన్నాడు. ఆమె ఫ్రీసాలు, టమాటాలు, ఉప్పు పొట్లం మూటకట్టి ఇచ్చింది. రాళ్ళ పనికి కొత్త బూట్లెందుకని కసిరింది కూడా. ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "పాతవి నొక్కుతున్నాయి," అన్నాడు. ఆరో రోజు సాయంత్రం బస్సు దిగి వచ్చి, పని బాగా జరిగిందన్నాడు. అలిసిపోయినట్టున్నావంటే వయసు అన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు మామూలుగా తిన్నాడు, మామూలుగా దగ్గాడు, క్రిస్మస్‌కి అందరితో పేకాట ఆడి ఓడిపోయాడు.

ఆలస్యంగా తెచ్చారన్న డాక్టరు ముందు ఆమె తలూపింది. ఆలస్యం తనదే అనుకుంది నాలుగు నెలలుగా. రాత్రీ పగలూ దగ్గు వింటూ పట్టించుకోని ఆడది తనే అనుకుంది. ఆ అనుకోవడం కూడా మొద్దుబారిన చోట సూది గుచ్చినట్టే ఉండేది, నొప్పి తెలిసేది కాదు. కానీ అక్టోబరుకే డాక్టరుకి చూపించుకున్నానన్నాడట ఆయన. వితీనా కుర్చీలోంచి లేచింది.

అత్త వరండాలో నీడలో కూర్చుని ఉంది. వితీనా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"చేరాడు అత్తయ్యా."

"ఎవడు?"

"మీ కొడుకు. అక్టోబర్లోనే చేరాడు. కాళ్ళ మీద నడిచి, మెట్లెక్కి. చూసినామె ఉంది, ఇప్పుడే మాట్లాడాను."

అబ్బొందాంత్సా వరసబెట్టి అడిగింది. నిజమేనా, మెట్ల మీదుగానా, లోపలికి వెళ్ళాడా, ఆ చూసినామె అబద్ధాలాడే మనిషి కాదు కదా. అన్నిటికీ వితీనా అవునంది. ముసలామె శిలువ గుర్తు వేసుకుంది, ఒకసారి కాదు, ఏడెనిమిదిసార్లు. ముఖం మీది ముడతలన్నీ సర్దుకున్నాయి. "నా బంగారం. ఎవరికీ బరువు కాకుండా తన దారి తనే తీర్చుకున్నాడు. నాకు తెలుసు, ఆడు చేసే పని చేసేస్తాడు, నోటితో చెప్పడు." అని, "లోపల ఏముందే తినడానికి?" అంది.

వితీనా చిక్కుళ్ళ ముద్ద వేడిచేసి, ఆలివ్ నూనె పోసి తెచ్చింది. ముసలామె గిన్నె ఖాళీ చేసింది. రొట్టెతో అంచులు తుడిచి తింది. ఇంకా ఉందా అని అడిగింది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఏది జరగాలని వితీనా కోరుకుందో అది జరిగిపోయింది. కానీ ఆమె గిన్నె తీసుకోవడానికి చెయ్యి చాచలేదు.

"ఇక మనకి ప్రయాణం లేదు," అంది అబ్బొందాంత్సా మూతి తుడుచుకుంటూ. "త్రిఫోనేకి చెప్పు, బండి ఉడకదులే అని."

"నేను వెళ్తున్నాను."

"ఎవరి కోసమే? ఆడు చేరిపోయాడుగా."

"చేరాడు. నాకు చెప్పకుండా చేరాడు." వితీనా గొంతు పెరిగింది. ఎదురింటామె దుప్పటి పట్టుకొని ఆగిపోయింది. "డాక్టరు దగ్గరికి నాకు చెప్పకుండా వెళ్ళాడు. చస్తానని తెలిసి, నేను కట్టిన మూట పట్టుకొని, నేను రాసిన కాగితం జేబులో పెట్టుకొని, ఒక్కడే వెళ్ళొచ్చాడు. వచ్చి నా పక్కన పడుకున్నాడు, మూడు నెలలు. పడుకొని గోడ గురించి మాట్లాడాడు అత్తయ్యా, లేని గోడ గురించి. కలిసి వెళ్దామన్న మనిషి. నాకు కోపంగా ఉంది. ఆ మెట్ల మీద నిలబడి ఆయన్ని తిట్టాలి."

తన నోటి నుంచి వచ్చిన మాట తనే విన్నట్టు ఆగిపోయింది. కోపంగా ఉంది. నిజంగానే ఉంది, ఒళ్ళంతా.

అత్త కొడుకుని వెనకేసుకొస్తుందనే అనుకుంది వితీనా. ముసలామె గిన్నె పక్కన పెట్టి, "కన్నదాన్ని," అంది. "నాకూ చెప్పలేదే."

"లేదు."

"నేనూ వస్తాను. ఆడు ఎదురుపడలేడుగా, మనం చెప్పేది వినాల్సిందే." కాసేపు ఆలోచించింది. "ఐదు రోజులు సరిపోతాయా?"

వితీనా లోపలికెళ్ళి గళ్ళ కాగితం తెచ్చింది. నేల మీద కూర్చుని, ముసలామె కాళ్ళ దగ్గర పరిచి, దారంతా ఒకసారి చూసింది. "చాలవు," అంది. "ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. తొమ్మిది రోజులు వేస్తాను. ఆయన పడుకున్న చెట్టు ఎక్కడుందో కూడా కనుక్కోవాలి."

అప్పుడు వచ్చింది ఏడుపు. చప్పుడుతో, ముక్కుతో, చిన్నపిల్లకొచ్చినట్టు వచ్చింది. ఎదురింటామె దుప్పటి తీగ మీదే వదిలేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. అబ్బొందాంత్సా ఊరుకోమని అనలేదు, కోడలి జుట్టు మీద చెయ్యి వేసి కూర్చుంది. వితీనా ఏడుస్తూనే మొదటి రోజు మజిలీ కొట్టేసి, దానికి సగం దూరంలో ఇంకో ఊరి పేరు రాసింది.